పేజీ అడుగున చీమ

చిన్నకోడలి దగ్గర మూడు వందల పన్నెండు కామిక్స్ ఉన్నాయి. దుకాణాల ముందు క్లిప్పులకు వేలాడే రంగురంగులవి కావు. ఎవరికి వారు ఇంట్లో కూర్చుని గీసుకుని, జిరాక్సు తీయించి, మధ్యలో రెండు పిన్నులు కొట్టి, ముప్పయ్యో నలభయ్యో కాపీలు వేసుకునే రకం. వాటిలో ఒకటి మోకాలి ఆపరేషనయిన లెక్కల టీచరు మంచం మీద పడుకుని గీసింది. అందులో ఇంటికప్పు, ఫ్యాను, వంగి పలకరించేవాళ్ళ గడ్డాలు తప్ప మరేమీ కనిపించవు. ఇంకొకటి ఒక బస్సు డ్రైవరుది. తలపైని అద్దంలో కనిపించే నిద్రమొహాలే ఇరవై నాలుగు పేజీలు.

ఏడాదికి రెండుసార్లు ఒక బడి హాల్లో వీళ్ళంతా బల్లలు వేసుకుని కూర్చుంటారు. ఆ రెండు ఆదివారాలూ చిన్నకోడలు ఇంట్లో దొరకదు. "ఏ శుభకార్యానికీ ఇంత పెందలాడే తయారవలేదు మా అమ్మాయి" అని అత్తగారు వచ్చేపోయేవాళ్ళందరికీ చెబుతారు. అది దెప్పిపొడుపో మెచ్చుకోలో ఇన్నేళ్ళలో తేలలేదు.

ఆమె పనిచేసేది కళ్ళద్దాల షాపు వెనకగదిలో. అద్దాన్ని ఫ్రేముకి సరిపడేలా అంచులు అరగదీయడం పని. వెంట్రుకవాసి తేడా వచ్చినా అద్దం కూర్చోదు, కూర్చున్నా పెట్టుకున్నవాళ్ళకి తలనొప్పి. ఆ షాపుకి అద్దాలు వచ్చే అట్టపెట్టెలు సరిగ్గా ఈ కామిక్స్ కొలతకి కుదిరాయి. పుస్తకానికీ పుస్తకానికీ మధ్య బటరు పేపరు పెట్టి, నిలువుగా సర్ది, పెట్టె మీద పెన్సిలుతో నంబరు వేస్తుంది. వానాకాలం వెళ్ళగానే ఒక్కొక్కటీ తీసి పిన్నులు తుప్పు పట్టాయేమో చూస్తుంది. పట్టినవి తీసి, పాత కన్నాల్లోంచే కొత్తవి దూరుస్తుంది.

ఆ మూడు వందల పన్నెండింటిలో ఆమెకు ప్రాణం "పై వాటా, కింద వాటా". మూడంతస్తుల ఇల్లు, అందులో అద్దెకున్న కుటుంబాలు, ఒక్కో సంచికలో ఒక్కో వాటా కథ. గీసినావిడ పేరు వేసుకోదు, "వాటాదారు" అని మాత్రం ఉంటుంది. పదకొండేళ్ళలో పంతొమ్మిది సంచికలు వచ్చాయి. నాలుగో సంచిక చదువుతున్నప్పుడు చిన్నకోడలు ఒక సంగతి కనిపెట్టింది. ప్రతి పేజీ అడుగున, అంచుని ఆనుకుని, ఒక చీమ ఉంది. పంచదార పలుకు ఒకటి మోసుకుంటూ నడుస్తోంది. వెనక్కి వెళ్ళి మొదటి సంచిక నుంచి చూసింది. మొదటి పేజీలో కింద వాటా వంటగదిలో బయల్దేరిన చీమ అదే పలుకుతో పైకి పోతోంది. పైన బొమ్మల్లో మనుషులు అరుచుకుంటే అది ఆగుతుంది. తోటికోడళ్ళు ఇద్దరు సంచిక మొత్తం మాట్లాడుకోకపోతే, అడుగున అది ఒకావిడ కాళ్ళ దగ్గర నుంచి ఇంకొకావిడ కాళ్ళ దాకా వెళ్ళి వస్తుంది. చీమని చూడకుండా చదివితే ఆ కథలో సగమే చదివినట్టు.

ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. గీసినావిడ నోరు విప్పకుండా పెట్టినదాన్ని తను చాటడం బాగుండదనిపించింది.

పంతొమ్మిదో సంచికలో ఒక చీటీ వచ్చింది. నీళ్ళ పైపు పగిలి వాటాదారు గీసిన అసలు కాగితాలన్నీ ముద్దయిపోయాయట. ఒక చిన్న ప్రెస్సువాళ్ళు అన్ని సంచికలూ కలిపి ఒకే పుస్తకంగా వేస్తామని ముందుకొచ్చారట. తీరా చూస్తే ఆవిడ దగ్గరే మొత్తం సెట్టు లేదు. "ఒకటి నుంచి పంతొమ్మిది దాకా చెక్కుచెదరకుండా ఎవరి దగ్గరైనా ఉంటే ఫోటోలు తీసుకుని తిరిగి ఇచ్చేస్తాను. సోమవారం పని మొదలు. ఆ తర్వాత ప్రెస్సువాళ్ళు వేరే పనికి వెళ్ళిపోతారు."

చిన్నకోడలు ఆ రోజే జవాబు రాసింది. "నా దగ్గర ఉన్నాయి. అన్నీ. ఆదివారం నేనే తెచ్చి ఇస్తాను." అందరినీ అడిగి చూసిన వాటాదారు దగ్గర నుంచి తిరుగు జవాబొచ్చింది: "మీ ఒక్కరి దగ్గరే ఉన్నాయండీ."

మంగళవారం ఆమె పంతొమ్మిదింటినీ తీసి బల్లమీద పేర్చుకుంటుంటే భర్త చూశాడు. ఆయన రవాణా ఆఫీసులో గుమాస్తా. ఫైలుకి అట్ట లేకపోతే అన్నం సహించదు.

"ఇలాగే ఇస్తావా? అంత పెద్ద మనిషికి?" అన్నాడు.

"ఇలాగే ఇవ్వాలి. మీరు ముట్టుకోకండి."

"ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. పకోడీ పొట్లాల్లా ఉన్నాయి."

"ముట్టుకోవద్దన్నానా?"

ముట్టుకోవద్దంది గానీ ఎందుకో చెప్పలేదు. అక్కడొచ్చింది చిక్కు.

బుధవారం సాయంత్రం షాపు నుంచి వచ్చేసరికి భర్తా అత్తగారూ ముందుగదిలో పక్కపక్కన కూర్చుని ఉన్నారు. ఇద్దరి మొహాల్లోనూ నవ్వు ఆగడం లేదు. బల్లమీద ఏదో ఉంది, పైన తువ్వాలు కప్పి ఉంది.

"తియ్యి, తియ్యి" అన్నారు అత్తగారు. "పొద్దుట నుంచి నా నోరు నేను ఎలా కట్టేసుకున్నానో నాకే తెలుసు."

తువ్వాలు తీసింది. ముదురు ఎరుపు గుడ్డ అట్టతో లావుపాటి పుస్తకం. వెన్ను మీద బంగారు అక్షరాలు: పై వాటా, కింద వాటా. అంచులు మూడు వైపులా గాజుపలకలా నున్నగా ఉన్నాయి.

"అన్నయ్య తన షాపులో మిగతా బైండింగు పనులన్నీ పక్కన పెట్టేశాడు తెలుసా?" అన్నాడు భర్త. "నిన్న రాత్రి ఇచ్చాను, ఇవాళ మధ్యాహ్నానికి చేతిలో పెట్టాడు. మరదలు ఇన్నేళ్ళకి ఒక గొప్పపని మీద వెళుతోంది, పరువుగా వెళ్ళాలి అన్నాడు."

చిన్నకోడలు మొదటి పేజీ తెరిచి అడుగుకి చూసింది. తెల్లగా ఉంది. రెండో పేజీ, తెల్లగా ఉంది. మూడు, నాలుగు, అయిదు. తొమ్మిదో పేజీలో, సరిగ్గా కోత గీత మీద, కనురెప్ప వెంట్రుకల్లాంటి రెండు గీతలు మిగిలాయి. చీమ మీసాలు.

"ఏమైంది? రంగు బాగోలేదా?" అన్నాడు భర్త.

"చీమ ఏదండీ?"

"ఏ చీమ?"

ఆమె పుస్తకాన్ని తువ్వాల్లో చుట్టి, విడిచిన చెప్పులు మళ్ళీ తొడుక్కుంది.

"కాఫీ అయినా తాగి వెళ్ళవే" అని అత్తగారు వెనకనుంచి కేకేశారు. ఆ నవ్వు ఇంకా పూర్తిగా ఆరలేదు పాపం.

బావగారి బైండింగు షాపు రెండు వీధుల అవతల. ముప్పయ్యేళ్ళుగా అదే గది, అదే కటింగు మిషను. పనివాళ్ళు ఆయన్ని చాటుగా మిల్లీమీటరుగారు అంటారు. ఆయనకి ఆ సంగతి తెలుసు, లోలోపల సంతోషం కూడానూ. మరదల్ని చూడగానే స్టూలు తుడిచి ముందుకు జరిపారు.

"రామ్మా, రా. ఎలా ఉంది? పంతొమ్మిదిలో ఏ రెండూ ఒక కొలత లేవు తల్లీ. ఎవరు కోశారో గానీ కళ్ళు మూసుకుని కోశారు. అడుగులన్నీ ఒక వరసకి తెచ్చి, పొట్టిదాని కొలతకి అన్నీ సాపు చేశాను."

"బావగారూ, అడుగున ఎంత కోశారు?"

"ఆరు మిల్లీమీటర్లు."

"అంత ఎందుకు?"

"అయిదు చాలు. కానీ ప్రతి పేజీకీ అడుగున నల్లగా మరక ఉందమ్మా. అచ్చు మిషనులో దుమ్ము చేరితే అలాగే పడుతుంది. నీకు శుభ్రంగా ఉండాలని ఇంకొక్క మిల్లీమీటరు లోపలికి జరిగాను."

చిన్నకోడలు చేతిసంచిలోంచి భూతద్దం తీసింది. షాపులో అద్దం మీద గీతలు వెతకడానికి వాడేది. తొమ్మిదో పేజీ తెరిచి, అద్దం పెట్టి, పక్కకు జరిగింది. బావగారు వంగి చూశారు.

"ఇది మీసంలా ఉందే."

"మీసమే. చీమది. ప్రతి పేజీలోనూ ఉంది. మొదటి సంచికలో బయల్దేరి, పంచదార పలుకు మోసుకుని, పదకొండేళ్ళు నడిచింది. ఆవిడ దగ్గర అసలు బొమ్మలు లేవు. ఇంకెవరి దగ్గరా మొత్తం సెట్టు లేదు. నా దగ్గరున్నది చూసి అచ్చు వేస్తారు."

బావగారు తల ఎత్తలేదు. ఏమైనా అంటారేమో, ముందే చెప్పాల్సింది కదమ్మా అంటారేమో అని ఆమె ఎదురుచూసింది. అంటే ఆ మాటలో అబద్ధం కూడా లేదు. ఆయన మాత్రం లేచి కటింగు మిషను దగ్గరికి వెళ్ళి, దాని పలక మీద చెయ్యి వేసి నిలబడ్డారు.

"కోసిన ముక్కలు ఎక్కడున్నాయి?" అంది చిన్నకోడలు.

"సంచుల్లోకి తోసేశాం. చిత్తుకాగితాల బండి వచ్చి మూడింటికి పట్టుకుపోయింది."

"ఎక్కడికి?"

"గోడౌనుకి. పొద్దున్న పదింటికి కాగితం నొక్కే ప్రెస్సులో వేసి దిమ్మలు కడతారు. అయినా అమ్మాయ్, అవి ఆరు మిల్లీమీటర్ల కాగితప్పోగులు. ఎనిమిది సంచుల చెత్తలో..." అంటూనే ఆగిపోయారు. ఆయన కళ్ళు మిషను మీద నుంచి జిగురు డబ్బా మీదకు మళ్ళాయి. "ఉండు ఉండు. నేను వెన్నుకి జిగురు పెట్టాకే కోస్తాను. ముందు కుట్టు, తర్వాత జిగురు, అది ఆరాక కోత. ముప్పయ్యేళ్ళలో ఒక్కసారి వరస తప్పలేదు."

"అయితే?"

"పోగులు విడిపోవు. ఒక కొస జిగురుతో అతుక్కుని దువ్వెనలా ఒకే ముక్కగా ఊడుతుంది." ఆయన గొంతు కొంచెం లేచి, మళ్ళీ తగ్గింది. "లోపలి మడతలకి జిగురు తగలదనుకో. పై మడత వాటిని గట్టిగా పట్టుకుని ఉన్నంతవరకే ఉంటాయి."

"గోడౌను ఎన్నింటికి తెరుస్తారు?"

"నువ్వు రావడమెందుకమ్మా? ఆ దుమ్ములో..."

"మీకు చీమ తెలియదు కదా బావగారూ."

మర్నాడు ఏడున్నరకే ఇద్దరూ గోడౌను గేటు ముందున్నారు. షాపుకి సెలవు చెప్పింది. ఎనిమిదింటికి గేటు తీసిన మనిషిని అందరూ కాటా అక్క అంటారు. వచ్చిన ప్రతి బండీ ఆవిడ కాటా మీదికెక్కి దిగాల్సిందే. చీర కొంగు నడుముకి బిగించి, చెవిలో పెన్సిలుతో, ఇద్దర్నీ పైనుంచి కిందకు చూసింది.

"ఏం పోయింది? ఉంగరమా, చెక్కుబుక్కా?"

"చీమ బొమ్మలు" అంది చిన్నకోడలు.

కాటా అక్క బావగారి వైపు తిరిగింది. "ఏందయ్యా, ఈమె బానే ఉందా?"

"నాకంటే బాగుంది" అన్నారు బావగారు. "తప్పు నాది. నా సంచులు చూపిస్తే చాలు."

"నీ సంచి, నా సంచి అని ఇక్కడ ఉండవు. లోపల మూడు వందల పైన ఉన్నాయి. అన్నీ తెల్లవే."

"నా ముడి నాకు తెలుస్తుంది."

నిజమే. మిగతా సంచులకి పురికొసలు ఎలా పడితే అలా చుట్టి ఉన్నాయి. బావగారివి మైనం పట్టించిన కుట్టుదారంతో, రెండు చుట్లు, ఒక మెలిక, కొసలు రెండూ సమంగా కోసి ఉన్నాయి. చెత్తసంచికి కూడా ఆయన కొసలు సమంగా కోశారు. కాటా అక్క ఒక ముడిని వేలితో మీటి చూసి, "ఇది విప్పాలంటే నా గోళ్ళు పోతాయి, అందుకే నీ సంచులంటే మావాళ్ళకి మంట" అంది. కానీ పదింటిదాకా టైమిచ్చింది. ఆ తర్వాత ప్రెస్సు ఆగదని కూడా చెప్పింది.

ఎనిమిదిలో ఏడు సంచులు దొరికాయి. ఒక్కొక్కటీ పాత పరదా మీద గుమ్మరించి మోకాళ్ళ మీద కూర్చుని వెతికారు. దువ్వెనల్లాంటి ముక్కలకి లెక్కే లేదు. ఆ రోజు బావగారు ఆఫీసు రిజిస్టర్లు కోశారు, బడి పుస్తకాలు కోశారు. అన్నీ తెలుపు మీద నీలిగీతలు. చిన్నకోడలు చేతులు తెల్లబారాయి, తుమ్ములు మొదలయ్యాయి. నాలుగో సంచి అయ్యేసరికి బావగారు తొమ్మిదిన్నర అన్నారు. ఏడో సంచి అయ్యేసరికి గడియారం చూడడం మానేశారు.

"ఎనిమిదోది?" అంది చిన్నకోడలు లేచి.

ఎనిమిదోది ప్రెస్సు పక్కన వరసలో ఉంది. దాని ముందు రెండే సంచులున్నాయి. పనివాడు మొదటిదాన్ని మూతికెత్తుతున్నాడు. ఇనపపలక పైనుంచి దిగడానికి గుర్రుమంటోంది. ఆమె నడిచే వెళ్ళింది, పరుగెత్తలేదు. వరసకీ ప్రెస్సుకీ మధ్య నిలబడింది.

"అమ్మా, పక్కకి జరగండి. బట్ట పట్టుకుంటుంది!"

"ఆ మూడోది మా సంచి. అది ఇచ్చేస్తే జరుగుతాను."

"అక్కా! ఈమె చూడు!" అని వాడు అరిచాడు.

కాటా అక్క వచ్చింది. చిన్నకోడలి జుట్టు నిండా కాగితప్పొట్టు, చీర కుచ్చిళ్ళకి జిగురు ముక్కలు. కాటా అక్క చూసి చూసి, "ఏం గీసింది తల్లీ ఆ చీమ? నీకేమైనా ఆస్తి రాసిందా?" అంది.

"నేను మాటిచ్చాను. అన్నీ ఉన్నాయని రాశాను."

కాటా అక్క చెవిలోని పెన్సిలు తీసి, మళ్ళీ పెట్టుకుంది. "ఆ సంచి ఇటు లాగరా. భోజనాలయ్యాక వేద్దాం. మూలకి పోయి వెతుక్కోండి. నా కళ్ళకి అడ్డం రాకండి."

సంచి సగం ఖాళీ అయ్యాక బావగారి చేతికి తగిలింది. ఆయన దాన్ని చూడకుండానే, వేళ్ళతో తడిమి, "ఇది నీదే" అన్నారు. మోటు జిరాక్సు కాగితం చేతికే తెలిసింది ఆయనకి. జానెడు పొడుగు, బొటనవేలంత లావు, ఒక కొసన ఆరిన జిగురు. చిన్నకోడలు దాన్ని వెలుతురుకి తిప్పి, ఒక పోగు విప్పింది. నల్లటి చిన్న ఒళ్ళు, ఆరు కాళ్ళు, నెత్తిన పలుకు.

ఆమె నవ్వలేదు. లెక్కపెట్టింది. సంచికకి మధ్యకి మడిచిన కాగితాలు నాలుగు, పంతొమ్మిది సంచికలు, మొత్తం డెబ్భై ఆరు పోగులుండాలి. అరవై రెండు ఉన్నాయి. లోపలి మడతలు పద్నాలుగు జారిపోయాయి.

భోజనాల వేళ దాకా ఆ ఒక్క సంచినీ మూడుసార్లు జల్లించారు. కాటా అక్క మధ్యలో వచ్చి, ఊరికే నిలబడడం చేతకాక తనూ ఒక గుప్పెడు తీసుకుని చూడడం మొదలుపెట్టింది. రెండు ఆవిడే పట్టింది. "ఇదిగో, ఇది మొహం తిప్పుకుని పోతోంది, ఎవరి మీద కోపమో!" అంది. మొత్తం పదమూడు దొరికాయి. చివరిది దొరకలేదు. నాలుగోసారి కూడా జల్లించి, చిన్నకోడలు లేచి చేతులు దులుపుకుంది.

"పన్నెండో సంచిక, నడిమి కాగితం" అంది.

"చూడకుండానే ఎలా చెబుతున్నావు?" అన్నారు బావగారు.

"మిగతావన్నీ చేతిలో ఉన్నాయి కదా."

ఆ తర్వాతి రెండు రోజులూ బావగారు షాపులో వేరే పని పెట్టుకోలేదు. ఆమె కళ్ళద్దాల షాపు నుంచి నేరుగా అక్కడికే వచ్చేది. ఎర్ర గుడ్డ అట్టని ఆయనే కత్తితో ఊడదీశారు. బంగారు అక్షరాల దగ్గర కత్తి ఒక్క క్షణం ఆగింది, తర్వాత మామూలుగా కదిలింది. కుట్లు కోశారు, జిగురుని తడిగుడ్డతో నానబెట్టి గీకారు. అతకడం ఇద్దరూ కలిసి. ఆమె పట్టకారుతో పోగుని తెచ్చి గీతకి గీత ఆనించేది, ఆయన ఉల్లిపొర కాగితం సన్నగా చీల్చి పలచటి గంజితో అతికేవారు. తప్పు పోగు ఆనిస్తే పైన బొమ్మకీ కింద చీమకీ పొసగదు. శుక్రవారం సాయంత్రానికి బావగారికే తెలిసిపోయింది.

"ఇది ఇక్కడిది కాదమ్మా. పైన వాళ్ళు దెబ్బలాడుకుంటున్నారు, ఇదేమో హాయిగా పోతోంది."

"అవును. తొమ్మిదో సంచిక చూడండి."

"ఉండు, ఈ పేజీ చదవనీ. ఆ చిన్నావిడ తలుపు తీసిందా లేదా?"

"చదివితే పని అవదు బావగారూ."

"రెండు నిమిషాలు!"

శనివారం డెబ్భై అయిదూ పూర్తయ్యాయి. పన్నెండో సంచిక నడిమి కాగితం అడుగున మొండిగా మిగిలింది. టిఫిను క్యారేజీ తెచ్చిన భర్త రెండు రోజులుగా తప్పుచేసిన వాడిలా అటూ ఇటూ తిరుగుతున్నాడు. దాన్ని చూసి గొంతు తగ్గించి అన్నాడు:

"నాలుగు పేజీలకి నాలుగు చీమలు. నువ్వు గీయలేవూ? అన్నిసార్లు చూశావు. ఎవరు కనిపెడతారు?"

"నేను కనిపెడతాను."

"అదికాదు, అచ్చులోకి వెళ్ళాక..."

"అచ్చులోకి వెళ్ళాక అది ఆవిడ గీసినదే అయిపోతుంది. ఆవిడ గీయనిది ఆవిడ పేరున నేను వేయించనా?" ఆమె గొంతు పెంచలేదు. "అన్నీ ఉన్నాయని రాశాను. ఒకటి లేదని కూడా నేనే చెబుతాను."

భర్త క్యారేజీ విప్పి, గిన్నెలు గంజి డబ్బాలకి దూరంగా పెట్టాడు.

ఆదివారం పొద్దున్న వాటాదారు ఇంటికి వెళ్ళారు, చిన్నకోడలూ బావగారూ. ఆయన రావాల్సిన పనిలేదు. కాగితాలని రెండు అట్టల మధ్య పెట్టి కట్టింది నేను, ఆ ముడి ఇంకొకళ్ళు విప్పలేరు అన్నారు.

తలుపు తీసినావిడకి అరవై దాటి ఉంటాయి. ఆవిడ కట్టుడు పళ్ళు తయారుచేస్తుంది. కిటికీ కింద బల్ల మీద సుద్దతో పోసిన చిగుళ్ళు వరసగా ఆరుతున్నాయి. పక్కన సన్నటి కుంచెలు, చిన్న చిన్న కత్తులు, పెన్సిళ్ళు. బావగారు కూర్చోకముందే ఆ బల్ల అంచు సూటిగా ఉందో లేదో చూసుకున్నారు.

కుశలప్రశ్నలు అవకముందే చిన్నకోడలు చెప్పేసింది. ఎలా బైండు అయ్యాయో, ఎంత కోతపడిందో, ఎక్కడ వెతికారో, ఏది దొరకలేదో. బావగారు మధ్యలో "కోసింది నేనండీ, ఆమె వద్దనే చెప్పింది" అన్నారు.

వాటాదారు ఒక్కొక్క కాగితం తిప్పుతోంది. అతుకు మీద వేలు పెట్టి చూసింది. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"నలభై కాపీలు" అంది. "పదకొండేళ్ళు. చీమ గురించి ఒక్కరంటే ఒక్కరు నాకు రాయలేదు. ఎవరూ చూడలేదనుకున్నాను. ఈ పుస్తకంలో తీసేద్దామని కూడా అనుకున్నాను, ప్రెస్సువాళ్ళకి ఆ అంచుతో ఇబ్బందిట."

"తీసేయకండి" అంది చిన్నకోడలు. అడిగినట్టు లేదు, పని అప్పజెప్పినట్టుంది.

వాటాదారు ఆమె వంక చూసింది. తర్వాత మొండిగా ఉన్న కాగితాన్ని దగ్గరికి లాక్కుంది. "పన్నెండులో ఏడు నుంచి పది పేజీలు. ఇక్కడ నేనేం గీశానో నాకే గుర్తులేదమ్మా. రెండో అంతస్తు ముసలాయన కదూ?"

"అవునండీ. భార్యని ఆసుపత్రి నుంచి ఎప్పుడు పంపిస్తారా అని ఎదురుచూస్తుంటాడు. ఏడో పేజీలో ఆవిడ ఇక రాదని కబురొస్తుంది. అడుగున చీమ ఆగి, పలుకు కింద పెడుతుంది. అన్ని సంచికల్లోనూ కింద పెట్టింది అక్కడొక్కచోటే."

"ఎనిమిదిలో?"

"ఎనిమిదిలో చీమ లేదు. పలుకు ఒక్కటే ఉంది."

బావగారు చప్పున మరదలి వైపు చూశారు.

"తొమ్మిదిలో ఆయన మంచం మీద కూర్చుని రెండు గ్లాసులు తుడుస్తాడు. మీసాలు మాత్రం కనిపిస్తాయి, కుడి అంచున. పదిలో తిరిగొచ్చి ఎత్తుకోబోతుంది. కానీ ముందు పట్టుకున్న వైపు కాదు, రెండో వైపు నుంచి."

వాటాదారు మంచి కాగితం నుంచి సన్నటి పోగు ఒకటి కోసింది. బావగారు అడక్కుండానే దాన్ని తీసుకుని, ఆరు మిల్లీమీటర్లకి సరిచేసి ఇచ్చారు. ఆవిడ మధ్యకి మడిచి, బల్లమీద పరిచి, సన్నటి పెన్సిలు అందుకుంది. పళ్ళు చెక్కే చెయ్యి. ఒళ్ళు మూడు చుక్కల్లో తేలింది. ఏడో పేజీ అయింది. ఎనిమిదికి పలుకు. తొమ్మిదికి రెండు వెంట్రుకలు. పదో పేజీకి చీమని గీసి, పెన్సిలు ఎత్తి, ఇలాగేనా అన్నట్టు చూసింది.

చిన్నకోడలు సంచిలోంచి భూతద్దం తీసి వంగింది. కాస్త తటపటాయించింది. గీసినావిడ ఎదురుగా కూర్చుని ఉంది, పెద్దావిడ, పదకొండేళ్ళుగా తను వెతుక్కుని వెతుక్కుని చదివిన మనిషి.

"కాదండీ" అంది. "అప్పుడు మీరు గీసినదాంట్లో ముందు కాళ్ళు ఇంకా నేలమీదే ఉన్నాయి. ఎత్తుకోవడానికి ఇంకా మనసు రాలేదు దానికి."

వాటాదారు రబ్బరు అందుకుంది.